పంటి బిగువు

పదకొండేళ్ల పాటు మా అవ్వ నిద్రపోవడం నేను చూడలేదు. ఎవరికైనా చెబితే నవ్వుతారు, ఒకే కప్పు కింద ఉంటూ కన్నతల్లి నిద్ర చూడనిదెవరు అంటారు. కానీ నేను పడుకునే వేళకు ఆమె బోళ్లు తోముతూ ఉండేది. నేను లేచే వేళకు వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాంపి చల్లి, గడప మీద కూర్చుని ఉండేది, కుడి చెంపకు చెయ్యి ఆనించి. చూడగా చూడగా ఆ చెయ్యి ఆమె ముఖంలోనే ఒక భాగం అన్నంత అలవాటైపోయింది మాకు. పోయిన ఏడాది తాళ్లు, అంటే తాటిచెట్లు, కల్లు పారే కాలంలో, మాఘమాసం నుంచి వైశాఖం దాకా, ఆ చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. దగ్గరుండి చూసినదాన్ని నేనే.

మాది మల్లాపూర్ మండలంలో ఒక ఊరు. మా బాపు పేరు కొమురెల్లి, కల్లుగీత పని. యాభై ఎనిమిదేళ్ల వయసులో వాగు ఒడ్డున పద్నాలుగు తాళ్లు ఎక్కుతాడు. పొద్దున ఐదింటికి చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే మోకు తాడు, గీసకత్తి మోపెడ్ మీద వేసుకుని వెళ్తే ఏడు దాటాక వస్తాడు, సాయంత్రం మళ్లీ వెళ్లి పొద్దు మునిగాక వస్తాడు. వచ్చేటప్పుడు మా సందు మలుపులో హారన్ రెండుసార్లు కొడతాడు. కల్లు వచ్చిందని ఊరికి చాటడం అనుకునేదాన్ని. ఆయనకు ఇంకో అలవాటు ఉంది. పాత మోకు నిక్షేపంగా ఉన్నా ఏటా కొత్తది చేయిస్తాడు. పెళ్లికొడుక్కి కొత్త బట్టల్లాగా ఏటా మోకు కావాలి మా అన్నకు అని తోటి గౌండ్లు ఆయన్ని ఆటపట్టిస్తారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

అప్పటికి పదకొండేళ్ల కింద బాపు చెట్టు మీది నుంచి పడ్డాడు. చెయ్యి జారింది అన్నాడు. తుంటి ఎముక విరిగి ఆరు నెలలు మంచంలో ఉన్నాడు, లేచాక మళ్లీ చెట్లే ఎక్కాడు. సరిగ్గా ఆ ఏడాదే అవ్వకు ముఖం నొప్పి మొదలైంది. చెవి కింద పుట్టి, దవడంతా పాకి, కణతలోకి ఎక్కేది. లవంగాలు, మంత్రాలు, సూదులు అన్నీ అయ్యాయి. కొండగట్టు తీసుకుపోయి పదకొండు రోజులు నిద్ర చేయించాం. గుడిలో నిద్ర చేయడానికి పోయిన మనిషి అక్కడా కన్ను మూయలేదు. పళ్ల డాక్టరు ఒకాయన ఏడాదికి ఒకటి చొప్పున నాలుగు దవడ పళ్లు పీకాడు. పీకిన పన్ను చేతిలో పెడితే పుచ్చు కాదు కదా, మచ్చ కూడా లేదు. చివరికి ఆయనే అన్నీ పీకించేసి సెట్టు పెట్టించుకోమన్నాడు. అవ్వ ఒప్పుకుని వచ్చింది. ఇప్పుడు తీరిక లేదు, తాళ్లు అయిపోయాక జ్యేష్ఠంలో వస్తానని గడువు కూడా తానే పెట్టింది.

పళ్లల్లో ఏమీ లేదని నేను తల బాదుకున్నాను. యాభై ఒక్కేళ్లకే బోసినోరు ఏమిటని ఏడ్చినంత పని చేశాను. అవ్వ తొణకలేదు.

"పండ్లే లేకుంటే ఇగ దేనికి నొస్తది బిడ్డా?" అంది.

ఆ మాఘంలోనే నాకు జగిత్యాలలో పని దొరికింది. సైకాలజీలో ఎం.ఏ. చేసి, రెండేళ్లు ఖాళీగా ఉండి, ఊరి వాళ్ల దృష్టిలో పిచ్చోళ్ల చదువు చదివిన నవనీతగా స్థిరపడిన సమయం అది. ఒక పళ్ల దవాఖానా పై అంతస్తులో జ్యోత్స్న మేడం ఒక పరిశీలన మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ముఖం నొప్పి, దానితోపాటు నిద్ర లేనితనం ఉన్నవాళ్లను తీసుకుని, సగం మందికి నిద్ర పాఠం, సగం మందికి దవడ పాఠం చెప్పాలి. ఏదైనా మూడంటే మూడు సిట్టింగులు. మందు లేదు, సూది లేదు. నొప్పి వల్ల నిద్ర చెడుతోందా, నిద్ర చెడి నొప్పి పెరుగుతోందా అంటే విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టే, కాబట్టి ఏ కొసన పట్టుకుంటే ముడి త్వరగా విడుతుందో పోల్చి చూద్దాం అన్నారు మేడం. కాగితాలు చూడటం, ఫోన్లు చేయడం, చదువు రానివాళ్ల లెక్కలు రాసుకోవడం నా పని. మేడం తాతలు మా పక్క ఊరికి దొరలు. మా నాయనమ్మ లక్ష్మవ్వ వాళ్ల గడికి కల్లు మోసిన మనిషి. ఆ ఇంటి ఆడపిల్ల నేల మీద చాప పరుచుకుని మా అవ్వ ఎదురుగా కూర్చుంటే, అవ్వ కాసేపు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడింది. మాటలతోనే నయం చేస్తారని విని మాత్రం నవ్వింది. మాటలకు నొప్పి పోయేదుంటే మా ఆయన తిట్లకు ఎప్పుడో పోవాల్సింది అంది.

అవ్వతో పాటు సిరిసిల్ల నుంచి ఆమె చెల్లెలు కూడా వచ్చింది. ఆమె పేరే చిన్నవ్వ, వరసకూ నాకు చిన్నవ్వే. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలు అంటారు. వాటికి నూలు కండెలు చుట్టడం ఆమె పని. తెగిన దారాన్ని ముప్పై ఏళ్లుగా పళ్లతో కొరికి కొరికి ఆమెకూ దవడ పట్టేసింది. ఆర్డర్లు లేక సాంచెలు బందయినప్పుడల్లా బస్సెక్కి మా ఇంటికి వస్తుంది. ఇద్దరికీ లక్షణాలు సరిపోయాయి, ఇద్దరికీ మూసిన కవర్లు వచ్చాయి. మేడం నా ముందే చించారు. చిన్నవ్వకు దవడ పాఠం. అవ్వకు నిద్ర పాఠం.

నాకు ఏడుపొచ్చింది. అవ్వకు కావాల్సింది దవడ పాఠమని నా గట్టి నమ్మకం. కవర్లు మార్చమని అడగడానికి నోటి దాకా వచ్చి, చదివిన చదువు అడ్డుపడి ఆగిపోయాను. ఒకరి పాఠం ఇంకొకరికి చెప్పకూడదని, చెబితే పోల్చడానికి వీలుండదని మేడం ఇద్దరికీ చెప్పి ఒప్పందం కాగితం మీద వేలిముద్రలు తీసుకున్నారు. ఒకే కంచంలో తిని పెరిగిన అక్కాచెల్లెళ్ల చేత అలాంటి మాట మీద వేలిముద్ర వేయించుకోవడం ఎంత తెలివితక్కువ పనో, ఎం.ఏ.లు చదివిన మా ఇద్దరికీ ఆ రోజు తోచలేదు.

నిద్ర పాఠం వినడానికి తలకిందులుగా ఉంటుంది. రాత్రి పదకొండింటికి ముందు మంచం ఎక్కకూడదు. నాలుగింటికి లేచి తీరాలి. మధ్యలో మెలకువ వస్తే మంచం మీద దొర్లకుండా దిగి వేరే చోట కూర్చోవాలి. మధ్యాహ్నం నడుం వాల్చకూడదు. ఇంటికి వచ్చి అవ్వ ఇదంతా బాపుకు ఏకరువు పెట్టింది. నిద్ర రాని మనిషికి నిద్ర బంద్ పెట్టడం ఎక్కడైనా ఉందా అని అడిగింది. ఆకలి కానోనికి కూడు బంద్ పెట్టినట్టున్నది అన్నాడు బాపు, నవ్వుతూ. ఆ మాట మేడంకు చెబితే ఆమె నవ్వలేదు. సరిగ్గా అదే, ఇంత తేలిగ్గా నాకు చెప్పడం రాలేదు అని నోటు పుస్తకంలో రాసుకున్నారు.

మొదటి రెండు వారాలు అవ్వ నడుస్తూ తూలింది. బియ్యం చెరుగుతూ చాటలోకి వాలిపోయింది. ఈ పాపం ఊరికే పోదని పక్కింటివాళ్లు నన్ను తిట్టారు. మూడో వారం నుంచి మంచం ఎక్కిన పది నిమిషాలకే నిద్ర పడుతోందని బాపు చెప్పాడు. ఆ వేళకు నేను నిద్రలో ఉంటాను కాబట్టి నమ్మడమే తప్ప చూసింది లేదు. పదకొండేళ్లుగా దగ్గరికి రాని నిద్ర, ఒక మొండి గడియారానికి లొంగి వచ్చిందంటే నాకు నిజంగానే భయభక్తులు పుట్టాయి. అయితే మూడు కొట్టేసరికి మాత్రం ఎవరో తట్టినట్టు లేచి కూర్చునేది. నొప్పి ఎంత అని రోజుకు నాలుగుసార్లు సున్నా నుంచి పది దాకా అంకె అడిగి రాసేదాన్ని. పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం మూడు, సాయంత్రం ఏడు, పడుకోబోయే ముందు మూడు. వారం తర్వాత వారం అవే అంకెలు. జ్యేష్ఠం దగ్గరపడుతోంది.

రెండో సిట్టింగుకు చిన్నవ్వ వచ్చినప్పుడు ఆమె నొప్పి ఏడు నుంచి మూడుకు దిగింది. గర్వం మాత్రం మూడు నుంచి పదికి ఎక్కింది. దవడ పాఠంలో పెదాలు కలిపి, పళ్లు విడదీసి, నాలుకను పై పళ్ల వెనక మెత్తగా ఆనించి దవడను వదిలేయడం నేర్పుతారు. రోజంతా గుర్తుండటానికి కళ్ల ముందు ఏదో ఒక గుర్తు పెట్టుకోమంటారు. ఆమె ఎర్ర బొట్టుబిళ్లల అట్ట కొని సాంచె కాడ, తలుపు మీద, బిందె మీద, చివరికి మా ఇంటి బియ్యం డబ్బా మీద కూడా అంటించింది. బిళ్ల కనబడితే చాలు, దవడ వదిలేస్తుంది. అక్క అడిగితే దాచడం ఆమె వల్ల అయ్యే పని కాదు. నేను బయటి నుంచి వచ్చేసరికి ఇద్దరూ వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని, నోళ్లు అరచేతులతో కప్పుకుని, దొంగతనం చేసిన పిల్లల్లా ఉన్నారు. అవ్వ కళ్లు పెద్దవయ్యాయి. చెంప మీది చెయ్యి తీసి చూసుకుని, ఒక్కటే ఉంది నొప్పి, ఒక్కటే అని వేలు చూపించింది.

నిబంధన మట్టిలో కలిసిందని నాకు కోపం రావాలి. రాలేదు, సంతోషం వచ్చింది. పొద్దునపూట కూడా ఇలాగే చెయ్యక్కా, నీకు అప్పుడే కదా ఎక్కువ అంది చిన్నవ్వ. అవ్వ వద్దంది. ఒక్కసారి చేసి చూడు అని చిన్నవ్వ ఆమె గదవ కింద చెయ్యి పెట్టి దవడ పట్టుకోబోయింది. అవ్వ ఆ చేతిని విసిరికొట్టింది.

"ఆ పూట ఒద్దన్న గద."

మా ఇంట్లో అవ్వ గొంతు పెంచగా వినడం నాకు అదే మొదటిసారి. చిన్నవ్వ మొహం చిన్నబోయింది. మర్నాడు బొట్టుబిళ్లల అట్ట మా ఇంట్లోనే మర్చిపోయి సిరిసిల్ల బస్సెక్కింది.

రెండు రోజులు నాలో నేను కొట్టుకున్నాను. చెబితే అవ్వనూ చిన్నవ్వనూ పరిశీలన నుంచి తీసేస్తారు, నా పని పోయినా పోవచ్చు. చెప్పకపోతే అబద్ధపు అంకెలు పోయి నిజం అంకెల్లో కలుస్తాయి. మూడో రోజు జగిత్యాల వెళ్లి మేడం ముందు అంతా కక్కేశాను. ఆమె కోప్పడలేదు. ఇద్దరి కాగితాలను పోల్చే దొంతర నుంచి తీసి పక్కన పెట్టారు, పాఠాలు మాత్రం పూర్తి చేద్దామన్నారు. అవ్వ అంకెలతో నేను గీసిన గీత చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు. అందులో రోజుకు రెండు గుట్టలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నలభై రోజులు వరసగా ఒకే ఎత్తులో గుట్టలు.

ఈ రెండు పూటలా మీ ఇంట్లో ఏం జరుగుతుంది అని అడిగారు.

"ఏంగాదు మేడం. బాపు చెట్లకు పోతడు," అన్నాను.

అని, నా మాట నాకే వినబడి ఆగిపోయాను. కాగితం మీద ఉన్నవి నొప్పి అంకెలని ఇన్నాళ్లూ అనుకున్నాను. అవి మా బాపు చెట్టెక్కిన వేళలు. ఎనభైసార్లు ఎక్కి దిగాడు ఆ కాగితం మీద, నా చేతి రాతతోనే.

మూడో సిట్టింగుకు బాపు కూడా మాతో జగిత్యాల వచ్చాడు. లోపలికి రానని తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. మేడం అవ్వతో చుట్టూ తిప్పకుండా మాట్లాడారు. పొద్దున మీ ఆయన చెట్టు మీద ఉన్నప్పుడు మీ పళ్లు ఎట్ల ఉంటాయమ్మా అని అడిగారు. అవ్వ చాప అంచు పోగు ఒకటి లాగింది. తర్వాత నా వైపు చూడకుండా చెప్పింది.

"మా అత్త లక్ష్మవ్వ జెప్పింది. నేను కొత్తగ కాపురానికి అచ్చినప్పుడు. మొగోడు చెట్టు మీద ఉన్నంతసేపు ఇంట్ల ఆడది పండ్లు బిగవట్టి ఉండాలె. నీ పంటి బిగువే వాని మోకు బిగువు అన్నది."

అందరూ అట్లే చేస్తారా అని మేడం అడిగారు. అందరి సంగతి తనకు తెలియదని, అత్త చేసిందని, మామ నలభై ఏళ్లు ఎక్కి ఒక్కసారి కూడా పడలేదని చెప్పింది అవ్వ.

"ఈయన పడ్డ పొద్దు నాకు జరం. గోలి ఏసుకొని పండుకున్న. నోరు తెర్సుకొని పండుకున్నని ఈ పిల్ల నవ్వింది గూడ. గప్పుడే పడ్డడు."

నేను నవ్వాను. పదిహేనేళ్ల పిల్లను, బడికి తయారవుతూ, అవ్వ నోరు తెరిచి గురక పెడుతుంటే చూసి నవ్వాను. లేచాక ఆమెకు చెప్పి మరీ నవ్వాను. అదే ఆఖరుసారి నేను అవ్వ నిద్ర చూడటం. ఆ తర్వాత ఆమె పదకొండేళ్లు, రోజుకు రెండు పూటలు, ఒక మనిషి బరువును దవడతో పట్టుకుని కూర్చుంది. తెల్లవారకముందే లేచింది, మళ్లీ నిద్ర ముంచుకొస్తుందేమోనని. ఆ నాలుగు మంచి పళ్లూ పీకించుకుంది, ఈ మాట మాత్రం బయట పెట్టలేదు. మూఢనమ్మకాల మీద నేను ఇరవై పేజీల వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ చాప మీద నాకు ఒక్క అక్షరం కూడా గుర్తురాలేదు, ఆమె కాళ్ల మీద పడాలనిపించింది.

తలుపు దగ్గర బాపు లేచి నిలబడ్డాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు.

"మోకు పాతది," అన్నాడు.

అవ్వ తల తిప్పింది.

"పోగులు లేసినయి. నాకు ఎర్కనే ఉండె. రేపు మారుస్త, ఎల్లుండి మారుస్త అనుకున్న. తెగి పడ్డ. మోకు సూసుకోనోడు ఏం గౌండ్లోడు అంటరని, చెయ్యి జారింది అని జెప్పిన."

గది బయట ఎవరిదో ఫోను మోగి ఆగింది. అవ్వ బాపును చూస్తూనే ఉంది. ఆమె ముఖంలో కోపం ఉందో, ఉపశమనం ఉందో నాకు తెలియలేదు. ఏటా కొత్త మోకు ఎందుకో మాత్రం ఆ క్షణాన తెలిసింది. ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్న రెండు తప్పులు, ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తింటూ. కొంగు సర్దుకుని లేచింది అవ్వ. పదకొండేండ్లు అంది, అంతే. కోరుట్ల దాకా బస్సులో ఇద్దరూ వేరు వేరు సీట్లలో కూర్చున్నారు.

మోకు సంగతి తెలిసింది కదా, ఇక నమ్మకం ఊడిపోతుంది అనుకున్నాను. అంత తేలిక కాదు. మూడు రోజులు బాపుతో మాట్లాడకుండా ఉండి, నాలుగో రోజు సాయంత్రం అన్నం వడ్డిస్తూ అవ్వ అడిగింది, మోకు పాతదే కావచ్చు, నేను బిగపట్టి ఉంటే ఆగకపోవునా అని. బాపు ముద్ద కంచంలో పెట్టి, రేపు నాతో చెట్ల దగ్గరికి రా అన్నాడు.

పొద్దున మోపెడ్ వెనక సీటు తుడిచి అవ్వను ఎక్కించుకున్నాడు. నేను స్కూటీ మీద వెనకాలే పోయాను. వాగు ఒడ్డున మొదటి తాడి కింద ఆగి, చొక్కా జేబులోంచి చిన్నవ్వ మర్చిపోయిన బొట్టుబిళ్లల అట్ట తీశాడు. ఒక బిళ్ల మొద్దుకు అంటిస్తే గరుకుకు నిలవలేదు. గీసకత్తితో అరచేతి మేర బెరడు నున్నగా చెక్కి, అవ్వ కళ్లకు సరిగ్గా ఎదురుగా మళ్లీ అంటించి, బొటనవేలితో నొక్కిపట్టాడు.

"దీన్నే సూడు. నన్ను సూడకు."

"పండ్లో?" అంది అవ్వ.

"ఇడిసిపెట్టు."

మోకు బిగించి ఎక్కసాగాడు. నేను బాపును చూడలేదు, అవ్వ చెవి కింద ఉన్న కండను చూశాను. బఠాణీ గింజంత ఉబ్బు అక్కడ లేస్తోంది, పడుతోంది. ఆమె చేతులు కొంగును మెలిపెడుతున్నాయి. పెదాలు మూసే ఉన్నాయి, లోపల ఏం జరుగుతోందో ఆ కండ చెబుతోంది. ఇడిచింది. బిగించింది. మళ్లీ ఇడిచింది. పైన కత్తి చప్పుడు ఆగితే ఊపిరి కూడా ఆగింది. అంత చిన్న చోట అంత పెద్ద యుద్ధం నేనెన్నడూ చూడలేదు. బాపు దిగి నేల మీద కాళ్లు పెట్టేసరికి ఆమె చెమటతో తడిసిపోయింది.

రెండో చెట్టు. మూడో చెట్టు. ప్రతి మొద్దుకూ ఒక అరచేయంత నునుపు, ఒక ఎర్ర బిళ్ల. ఆరో చెట్టు దగ్గర ఉబ్బు లేవడం తగ్గింది. పొద్దు పొడిచి వాగు ఇసుక తెల్లబడింది. తొమ్మిదో చెట్టు మీద బాపు కల్లు పట్టే కుండను, లొట్టిని, దించుకుంటుండగా, అవ్వకు ఆవులింత వచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నోరు పూర్తిగా తెరుచుకుంది, దవడ టక్కుమంది, కళ్ల వెంట నీళ్లు కారాయి. చటుక్కున రెండు చేతులతో నోరు మూసుకుని పైకి చూసింది.

బాపు అక్కడే ఉన్నాడు. మోకుకు వీపు ఆనించి, తాపీగా లొట్టిలోంచి కల్లు వంపుకుంటున్నాడు.

అవ్వ నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. ఆమె మెల్లగా చేతులు దించి మళ్లీ ఆవులించింది, ఈసారి కావాలనే. ఆ తర్వాత కూలబడి నవ్వింది, ఏడ్చింది. కింద ఏమైందని పైనుంచి బాపు అడిగాడు.

"ఏంగాలే. నీ పని నువ్వు చేస్కో," అంది అవ్వ.

ఒక్క ఆవులింతతో పదకొండేళ్లు తుడిచిపెట్టుకుపోలేదు. కొన్ని పొద్దులు మళ్లీ బిగించింది, కొన్ని సాయంత్రాలు చెంపకు చెయ్యి పోయింది. కానీ గీత మీద గుట్టలు కుంగాయి, ఎనిమిది ఐదైంది, ఐదు రెండైంది. నిద్ర గడువును మేడం వారానికి పావుగంట చొప్పున పెంచుతూ పోయారు. పళ్ల డాక్టరు దగ్గరి నుంచి ఫోను వస్తే, వేయించిన పల్లీలు నములుతూ, నా పండ్లతోని నాకింకా పనున్నది సారూ అని చెప్పి పెట్టేసింది. తన పాఠమే గెలిచిందని చిన్నవ్వ సిరిసిల్ల అంతా చాటింది. నిద్ర రాని మనిషికి ఏ పాఠం చెప్పినా బుర్రకెక్కదు, నాదే గెలిచింది అంటుంది అవ్వ. మేడం పోలిక ఇంకా పూర్తి కాలేదు. ఆ పోలికలో మావాళ్లిద్దరూ లేరు. వాళ్ల కాగితాలు వేరే కవరులో ఉన్నాయి, దాని మీద మేడం పెన్సిలుతో ఏదో రాయబోయి, ఏం రాయాలో తెలియక వదిలేశారు.

వైశాఖం ఆఖరున, చెట్లు పారడం తగ్గిన రోజుల్లో, ఒక పొద్దున నేను లేచి బయటికి వస్తే వాకిలి ఊడ్చి లేదు. వాకిట్లో నవారు మంచం మీద అవ్వ వెల్లకిలా పడుకుని ఉంది. కుడి చెయ్యి మంచం పట్టె మీది నుంచి కిందికి వేలాడుతోంది. నోరు తెరుచుకుని ఉంది. సన్నగా గురక.

నేను కదలకుండా నిలబడ్డాను. మా అవ్వ ముఖం అంత గుండ్రంగా ఉంటుందని నాకు తెలియదు. గదవ కింద అంత మెత్తటి చర్మం ఉందని తెలియదు. పుట్టిన బిడ్డను చూసినట్టు చూశాను ఆమెను. ఈసారి నవ్వు రాలేదు.

ఆరుంబావు అయింది. బాపు ఆ వేళకు చెట్టు మీద ఉంటాడు. లేపాలా, వద్దా? లేస్తే కంగారు పడుతుంది. లేపకపోతే? గడప మీద, రోజూ అవ్వ కూర్చునే చోటే కూర్చున్నాను. దిగానని అవ్వకు చెప్పే ఆ రెండు హారన్ల కోసం చెవులు సందు మలుపు మీదే ఉన్నాయి. ఆరున్నర. ఏడు. ఏడుంబావు. హారన్ మోగలేదు.

మలుపులో ఏదో కదిలింది. బాపు. ఇంజన్ ఆపేసి, మోపెడ్‌ను చేత్తో తోసుకుంటూ, లొట్లు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గడ్డి కుక్కుకుని, మెల్లగా వస్తున్నాడు. వాకిట్లోకి వచ్చి మంచం దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు.

"నేను చెట్టు మీద ఉన్నంతసేపు గిట్లనే పండుకున్నదా?" అని గుసగుసగా అడిగాడు.

తల ఊపాను. మాట్లాడబోతే నోరు తెరుచుకోలేదు. బాపు నా చెవి కింద, దవడ మీద వేలు పెట్టి చిన్నగా నొక్కాడు.

"ఇగ ఇడువు బిడ్డా," అన్నాడు. "దిగిన గద."

అప్పుడు తెలిసింది, నా పళ్లు ఆరుంబావు నుంచి బిగిసి ఉన్నాయని. వదిలాను. నొప్పి కణతల దాకా జరజరా పాకింది. ఒక్క గంటకే.

బాపు మోకు గుంజకు తగిలించి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కల్లు వాసనకు ఈగలు ముసురుతున్నాయి. అవ్వ తెరిచిన నోటి మీద వాలకుండా భుజం మీది తువ్వాలతో, గాలి చప్పుడు కూడా రాకుండా, వాటిని తోలుతూ ఉన్నాడు.